చార్జింగు సిగరెట్టు, ఒక జత లక్క గాజులు

నేను, గాజుల వైకుంఠం, కీర్తిశేషులు మల్లేశం కుమారుణ్ని, అరవై తొమ్మిదేళ్లవాణ్ని, లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణదారుణ్ని, కిషన్‌బాగ్ నివాసిని. ఊపిరితిత్తులు చెడినా బుద్ధి చెడలేదని, ఎవరి బలవంతమూ, ఏ మత్తు ప్రభావమూ లేకుండా నా ఇష్టప్రకారమే ఈ వీలునామా రాస్తున్నానని ప్రకటిస్తున్నాను. 2003లో రాసిన వీలునామాను రద్దు చేస్తున్నాను. అందులో దుకాణం కొడుక్కు రాశాను. ఎందుకు మార్చానో మూడో అంశంలో ఉంది.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నా చెల్లెలు నాగమణమ్మకు అప్పగిస్తున్నాను. తొమ్మిది నెలలుగా ఆమె నాతో మాట్లాడటం లేదు. అందుకే ఎంచుకున్నాను. మా ఇంట్లో నా ముఖం చూసి మొహమాటపడని మనిషి ఆమె ఒక్కతే.

2. కిషన్‌బాగ్ ఇల్లు, నా స్వార్జితం, నా ఏకైక కుమారుడు సీతారాంకు సర్వహక్కులతో చెందుతుంది. పై గది కప్పు కురుస్తోంది, బాగు చేయించరా అని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను. ఇక మీదట వాడి నెత్తినే కురుస్తుంది.

3. లాడ్ బజార్ దుకాణం, అదీ నా స్వార్జితమే, అందులోని సరుకు, సామానుతో సహా సీతారాం కూతురు, నా మనవరాలు కీర్తిప్రియకు దఖలు పరుస్తున్నాను. ఒకటే షరతు. ఆ దుకాణంలో చార్జింగు సిగరెట్టు అమ్మకూడదు, ఊరికే కూడా ఎవరికీ ఇవ్వకూడదు. సీతారాం కోర్టుకు ఎక్కుతాడని తెలుసు. జడ్జిగారికి పనికొస్తుందని కారణం వివరంగా రాస్తున్నాను.

నలభై ఏళ్లు సిగరెట్లు తాగాను. 1996లో ఛాతీ పట్టేసి ఆసుపత్రిలో పడ్డప్పుడు నా భార్య సుశీలమ్మ లాల్ దర్వాజ అమ్మవారికి మొక్కుకుంది. నేను సిగరెట్టు మానేదాకా తాను లక్క గాజు తొడుక్కోనని, మానాక వచ్చే ఆషాఢంలో బోనం ఎత్తుతానని. గాజుల షావుకారు భార్య పదకొండేళ్లు చేతికి రెండేసి మట్టి గాజులతో తిరిగింది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు దెప్పితే, "మా ఆయన పానం కన్న ఎక్కువనా గాజులు" అనేది. నేను మానలేదు. దొంగచాటుగా తాగి, యాలకులు నమిలి ఇంటికి వచ్చేవాణ్ని. ఆమె చొక్కా వాసన చూసి పట్టేసేది.

2007 దసరాకు సీతారాం దుబాయ్ నుంచి ఈ చార్జింగు సిగరెట్టు పుల్లను తెప్పించాడు. టెలిఫోనులా చార్జింగు పెట్టాలి, చిన్న సీసాలోంచి మందు పోయాలి. "బాపూ, గిది సిగరెట్ కాదు, ఒట్టి నీళ్ల ఆవిరి. ఫికర్ చెయ్యకు" అన్నాడు. సిగరెట్లు పారేశాను. సుశీలమ్మ నా చొక్కా ముక్కుకు పెట్టుకుని ఏడ్చింది. వాసన లేదు.

నెల తిరగకముందే కీర్తిప్రియ ఆ సీసా మీది ఇంగ్లీషు చదివింది. అప్పటికి దానికి పదిహేడేళ్లు. "తాతా, దీంట్ల నికోటిన్ అని రాసుంది. సిగరెట్ల ఉండేది గదే" అంది. "నానమ్మకు చెప్పకు బిడ్డా" అన్నాను. అది చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి నా పక్కన కూర్చుని అన్నం తినలేదు. తప్పు నాది, శిక్ష మాత్రం ఇద్దరికీ పడింది.

2008 ఆషాఢంలో సుశీలమ్మ బోనం ఎత్తింది. నేనే స్వయంగా చేసిన ఎర్ర లక్క గాజుల జత తొడుక్కుని, అరవై ఏళ్ల వయసులో, చెప్పులు లేకుండా. పుల్లను జేబులో పెట్టుకుని నేను ఆమె వెనకాలే నడిచాను.

సిగరెట్టు అయినా ఒకటి తాగితే అయిపోతుంది. దీనికి అయిపోవడం లేదు. మంచం మీద, స్నానాల గదిలో, గల్లాపెట్టె దగ్గర, నోట్లోనే. సీతారాం నన్ను దుకాణం ముందు బొమ్మలా కూర్చోబెట్టి, "మా బాపును చూడుండ్రి, నలభై ఏండ్ల సిగరెట్ బంద్ చేసిండు" అంటూ గాజుల పక్కనే ఆ పుల్లలు అమ్మాడు. నేను తలూపాను. అక్క పెళ్లికి గాజులు కొనడానికి వచ్చిన ఒక కాలేజీ పిల్ల, జన్మలో సిగరెట్టు ముట్టనిది, "తాతయ్యే తాగుతున్నరు గదా" అని సరదాగా ఒకటి కొనుక్కుంది. ఇప్పుడు వారం వారం సీసా కోసం వస్తోంది. గాజుల వైపు చూడదు. సీసా లేదంటే దాని చేతులు నిలవవు. నా కొడుకు దాన్ని గిరాకీ అంటాడు.

మొన్న డాక్టరుగారు ఇంకా సూటిగా చెప్పారు. పొగ లేనంత మాత్రాన నికోటిన్ గుండెను వదలదని, అలవాటును వదలనివ్వదని. ఆ ఆవిరిలో మిగతావి ఏమున్నాయో, పదేళ్లకు ఊపిరితిత్తులను ఏం చేస్తాయో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదని. తెలియని దాన్ని ఒట్టి నీళ్లని అమ్మాం. నీళ్లకు మనిషి చేతులు వణకవు.

4. మా కార్ఖానా పనివాడు ఓదెలుకు నా బొగ్గుల కుంపటి, పనిముట్లు, ఉన్ని శాలువా. ముప్పై ఏళ్లలో నన్ను ఒక్కసారి కూడా పొగడలేదు. వాడి మీద నాకు గౌరవం.

5. సుశీలమ్మ ఎర్ర లక్క గాజుల జత కీర్తిప్రియకు చెందుతుంది. ఇది నాగమణమ్మ కూడా శ్రద్ధగా చదవాలి.

మొన్నటి మాఘంలో సుశీలమ్మ గుండె జబ్బుతో పోయింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మానేసినవ్ సూడు, ఇగ నాకు రంది లేదు" అంది. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. స్నానం చేయించాక ఆమె చేతుల నుంచి ఆ జత నేనే తీసేశాను. "ముత్తైదువను బోసి చేతులతోని సాగనంపుతవా, నువ్వు మనిషివేనా" అని నాగమణమ్మ అందరి ముందు నిలదీసింది. నిప్పులో లక్క కరుగుతుందని ఏదో అన్నాను. అది కారణం కాదు చెల్లే. అబద్ధం మీద తొడిగించిన గాజులతో ఆమెను అమ్మవారి దగ్గరకు పంపడానికి నాకు చేతులు రాలేదు. మట్టి గాజులు తొడగాలన్న తెలివి కూడా ఆ క్షణాన లేకపోయింది. నీ కోపం న్యాయమే.

కీర్తీ, ఆ జతను అమ్మకు. పుల్లలు పెట్టిన అద్దాల పెట్టె ఖాళీ చేసి అందులో పెట్టు. పుల్ల కావాలని ఎవరైనా వస్తే, ముఖ్యంగా ఆ కాలేజీ పిల్ల వస్తే, కూర్చోబెట్టి ఇదంతా చెప్పు. నానమ్మకు చెప్పొద్దన్నాను. మిగతా లోకానికంతా చెప్పు.

6. నా పుల్లను, సీసాలను ఎవరికీ రాయడం లేదు. నాగమణమ్మ వాటిని ఓదెలు సుత్తితో పగలగొట్టించాలి.

7. పైన ఏ మత్తు ప్రభావమూ లేదని రాశాను. సుశీలమ్మతో ఆడిన అబద్ధం చాలు, మళ్లీ ఒకటి వద్దు. ఇది రాస్తూ ఆరుసార్లు కలం కింద పెట్టి పుల్ల పీల్చాను. బుద్ధి నాదే, రాసిందంతా నా ఇష్టమే. చెయ్యి మాత్రం దాని మాట వింటోంది. ఆ ఒక్క వాక్యం దిద్దుకుని చదవాలి.

హైదరాబాద్, 2009 నవంబరు 19, గురువారం.

(సంతకం) గాజుల వైకుంఠం

ఆయన మా ఎదుట సంతకం చేయగా చూసి, ఆయన ఎదుటే మేమూ సంతకాలు చేశాం:
1. సాలెం బావజీర్, అత్తరు వ్యాపారి, బార్కస్
2. బీరయ్య, విశ్రాంత ఉపాధ్యాయుడు, కిషన్‌బాగ్