పసుపు జెండా ఎక్కని రోజు

మొఘల్‌పురా, హైదరాబాదు
హేవిళంబి చైత్రం, 12 ఏప్రిల్ 1957

మిత్రుడు మొగులయ్యకు అనంతపద్మనాభం నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమమే. నువ్వు క్షేమంగా లేవని తెలిసే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగేళ్లు మాటా పలుకూ లేని పంతులుకు ఇప్పుడెందుకు గుర్తొచ్చానా అని తిట్టుకుంటావు. తిట్టు. కాని చివరిదాకా చదువు. మా అరుగు మీద కూర్చోబెట్టి నీకు దిద్దించినంత పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఇంకెవరితోనూ చదివించుకోకు.

ఎండలు అప్పుడే ముదిరాయి. మా ఇంటావిడ గోద బేగంబజారుకు పోయి రెండు కొత్త కూజాలు కొంటే, ఒకటి కూలివాడి నెత్తి మీదనే పగిలింది. దాని మీద ఇంట్లో రెండు రోజులు లొల్లి. నా జుట్టు సగం నెరిసినా నోరు మాత్రం తగ్గలేదని ఆవిడ బాధ.

మొన్న మీ కాజీపేట నుంచి భిక్షపతి వచ్చి అక్కడ నీ సంగతి చెప్పాడు. ఎండాకాలం వస్తే చాలు, చెప్పులు విడిచేస్తావట. నెత్తికి రుమాలు చుట్టవట. మిట్టమధ్యాహ్నం రైలుకట్ట వెంట ఊరికే నడుస్తావట. కిందటేడు పడిపోతే నలుగురు మోసుకొచ్చారట. ఎందుకిట్ల చేస్తున్నావంటే, ఆగమ్మను ఎండకు తోలింది నేనే గద అంటావట. ఈసారి మే నెల దాటవేమోనని వాడి భయం. ఆ మాట విన్నప్పటి నుంచి నాకూ అదే భయం. అన్నం సయించడం లేదు.

నీ ఇల్లాలు ఆగమ్మ వడదెబ్బకు పోయిన సాయంత్రం ఆస్పత్రి వరండాలో నువ్వు నాతో అన్నమాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

"పొద్దుగాల తల నొస్తున్నదన్నది పంతులు. నేనే ఇనలే. పొయ్యిరా, జెండా ఎక్కంగనే ఇంటికొద్దువు గని అన్న."

ఆ జెండా నా చేతిలోదే కదా. అఫ్జల్‌గంజ్‌లో మా దఫ్తరు డాబా మీద రోజూ రెండు గంటలకు థర్మామీటరు చూసి పుస్తకంలో రాయడం నా పని. నూట ఎనిమిది డిగ్రీలు దాటితే జెండా ఎక్కించాలి. అది చూసి ఆగమ్మలాంటి రోడ్డుపని కూలీలు నాలుగింటిదాకా నీడకు పోవాలి. ఎర్ర గుడ్డ కడితే కమ్యూనిస్టులొచ్చారనుకుంటారని పసుపుది కుట్టించారు. ఇది చూస్తే దఫ్తరులో పెళ్లనుకుంటరు పంతులు అని నువ్వే నవ్వావు.

ఇప్పుడు కొత్త రాష్ట్రం వచ్చింది, కొత్త కాగితాలూ వచ్చాయి. ఈ పదేళ్లలో పట్నంలో ఎండ నూట ఎనిమిది దాటిన రోజులెన్నో తీసి పంపమన్నారు. ఏటా ఒక ఇరవై అయినా ఉంటాయనుకుని కూర్చున్నాను. తీరా చూస్తే ఒక ఏడు రెండు, ఒక ఏడు ఆరు, ఒక ఏడు అసలే లేవు. పదేళ్లకూ కలిపి ఇరవై తొమ్మిది. వేసవి అంతా చస్తున్నామని మనం గోల పెడతాం గాని, నిజంగా మనిషిని చంపే ఎండ ఆ కాసిని రోజులే. ఆ కాసిని రోజుల కోసమే నాకు ఏడాది పొడుగునా జీతమిచ్చారు.

యాభైమూడు మే నెల పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. వరుసగా మూడు రోజులు నూట తొమ్మిది. నాలుగో రోజు, అంటే ఆగమ్మ పోయిన రోజు, నూట ఆరు. ఐదో రోజు మళ్లీ నూట తొమ్మిది. అన్నీ నా చేతిరాతే.

ఇరవై తొమ్మిది కాదు మొగులయ్యా, ముప్పై. ఆ రోజు నేను డాబా ఎక్కలేదు. ఏకాదశి ఉపవాసం, కళ్లు తిరుగుతున్నాయి, ఇనుప నిచ్చెన ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కిందనే కూర్చుని తోచిన అంకె వేశాను. దీనికి బద్ధకమనక ఇంకేం పేరు పెట్టను? నేను జెండా కట్టి ఉంటే ఆగమ్మ రెండు గంటలకే తట్ట పడేసి ఇంటికి వచ్చేది. అదంతా తెలిసే, ఆ సాయంత్రం నీ భుజం మీద చెయ్యి వేసి, నుదుటిరాతను ఎవరు తప్పిస్తారు అన్నాను. ఆ నోటిని ఏం చెయ్యాలో నాకు ఈనాటికీ తెలియలేదు.

నువ్వు ఆమెను ఎండకు తోలలేదు. జెండాను నమ్మి పంపావు. అది తప్పెట్లా అవుతుంది? చెప్పులు తొడుక్కో. రుమాలు చుట్టుకో. నీడన కూర్చుని నన్ను తిట్టు, ఊళ్లో నలుగురికీ చెప్పి తిట్టించు. క్షమించమని అడగను, ఆ ముఖం నాకు లేదు. లెక్కలో ముప్పై అని దిద్ది, ఎందుకు దిద్దానో పక్కన రాసి సంతకం పెట్టి పంపించాను. ఉద్యోగం పోతే పోనీ. గోదకు ఇంకా చెప్పలేదు.

నీ స్నేహితుణ్నని రాసుకోవడానికి చెయ్యి రాని
అనంతపద్మనాభం

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. లెక్కలో నిజం దిద్ది నీకు అబద్ధం పంపితే ఇంకేం మనిషిని? ఆ రోజు నేను డాబా ఎక్కాను మొగులయ్యా. నూట పదకొండు ఉంది, కళ్లారా చూశాను. నిచ్చెన ఎక్కబోయే ముందు మా పెద్ద సాహెబు పిలిచి, "ఆజ్ భీ ఝండా చఢేగా క్యా, పంతులూ?" అన్నాడు. ఇవాళ కూడా జెండా ఎక్కించి పని ఆపుతావా అని. నా ఉద్యోగం పక్కా చేసే కాగితం అప్పటికి వారంగా ఆయన బల్ల మీద ఉంది. పైకెక్కి జెండా చేతిలోకి తీసుకున్నాను. కింద రోడ్డు మీద ఆగమ్మ నెత్తిన కొంగేసుకుని మా డాబా వైపే చూస్తోంది. నా చేతిలో పసుపు గుడ్డ చూసి, పని ఆగిందనుకుని తట్ట బోర్లించింది. నేను జెండా మడిచి పెట్టెలో పెట్టాను. ఆమె కాసేపు అట్లాగే చూసి, మళ్లీ తట్ట ఎత్తుకుంది.