మిల్లు వెనక సందులో దీపాలు

ఏవండీ,

మీ సంవత్సరీకం అయిన వారానికి మన మిల్లు వెనక సందులో తాగుబోతుల గోల వదిలింది. దీపాలు మున్సిపాలిటీ పనని పోలీసులు, తాగేవాళ్లను తరమడం పోలీసుల పనని మున్సిపాలిటీ వాళ్లు మిమ్మల్ని ఏళ్ల తరబడి తిప్పారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి వచ్చారు. దీపాలు వెలిగాయి, కానిస్టేబుల్ రోజూ తిరుగుతున్నాడు.

శాలువా మాత్రం పక్కింటాయనకి కప్పారు. పెద్దాయన కదా అని మీరే అర్జీ మీద మొదటి సంతకం ఆయనతో పెట్టించారు.

“అంతా మా వారి పట్టుదలేనండీ,” అంది వాళ్లావిడ.

“అవునండీ,” అన్నాను. ఒళ్లు మండిపోయింది.

శాలువా ఆవిడనే దాచుకోనివ్వండి. రోజూ సాయంత్రం ఆ వెలుగులో ఆయన పక్కన నడుచుకుంటూ కూరలకి వెళ్తుంది. అది చూడలేక నేను తలుపు వేసేసుకుంటున్నాను.