మూడు విమానాలు ఒప్పజెప్పుకోమని

విమానాశ్రయ పార్కింగు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూతబడిన కంపెనీ తాలూకు మూడు విమానాలకు కాపలా ఉన్న నన్ను గేటు దాటనివ్వమని కోరుట గురించి.

పై విషయమై సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. మా కంపెనీ మూతబడిన పిమ్మట సదరు విమానాలు తమ ఆవరణలో ఓ మూల నిలిపి ఉంచబడినవి. తన చార్జిలోని వస్తువును మరొకరికి అప్పగించి, ముట్టినట్టు ముద్ర చూపితే గాని ఎవరినీ బయటికి వదలరాదని తమ నిబంధన. ఆ ప్రకారం మెకానిక్కు ట్రాక్టరు డ్రైవరుకూ, డ్రైవరు సూపర్‌వైజరు గారికీ, ఆయన నాకూ అప్పగించి చక్కా పోయారు. మూడు విమానాలకూ నేనొక్కణ్ణే పెద్దనని ఆ పూట మీసం దువ్వుకున్నాను. నా వెనక ఎవరూ లేరన్న సంగతి మీసం దువ్వాక తట్టింది. నాటి నుండి లోపలే ఉన్నాను.

2. నిలిపిన విమానాన్ని అప్పుడప్పుడూ కాస్త ముందుకు లాగి చక్రాలు తిప్పాలి. లేకుంటే టైరు ఒకే వైపు ఆని చదునైపోతుంది. లాగే ట్రాక్టరు లేదు. నేను నెట్టి చూశాను. విమానం కదలలేదు, నా నడుం కదిలింది.

3. తనిఖీకి వచ్చిన తమ అసిస్టెంటు గారికి విమానం తలుపు దగ్గర నమస్కరించి, "కిటికీ సీటు ఇవ్వమంటారా?" అని అడిగినందుకు నాకు మెమో ఇచ్చియున్నారు. మెమో లోపలికి రాగలిగింది గదా, దాని వెంట నా బదులు ఒక మనిషి రాకూడదా?

4. అసలు సంగతి. నా భార్యకు శుక్రవారం కంటి ఆపరేషను. తోడు మనిషి వచ్చి సంతకం పెడితేనే బల్ల ఎక్కిస్తామన్నారు. మాకు పిల్లల్లేరు. ఆవిడకున్న మనిషిని నేనే. మొన్న కంచె దగ్గరికొచ్చి, నేననుకుని గేటు జవానును పట్టుకుంది.

"ఏమయ్యా, రెక్కలున్నవి మూడు పెట్టుకుని ఆ గేటు దాటలేవా? నాకు చూపు పోయాక వస్తావా?"

నేను పరుగున వెళ్ళేసరికి తిట్టి తిట్టి వెళ్ళిపోయింది.

"నేను మీ ఆయన్ని కాదమ్మా అని చెప్పొద్దుటయ్యా?" అని జవానును అడిగాను.

"సందిస్తేగా అన్నయ్యా! పైగా మా ఇంట్లోనూ ఇదే వరస. నన్నే అంటోందనుకున్నా."

నవ్వాను. తర్వాత విమానం ఎక్కి తలుపేసుకుని కూర్చున్నాను. అన్ని సీట్లున్నాయి, ఏ సీట్లోనూ ఊపిరాడలేదు.

కావున తమరు ఈ మనవి చిత్తగించి, విమానాలను ఎవరికో ఒకరికి అంటగట్టి, నన్ను శుక్రవారంలోగా మా ఆవిడకు అప్పగించవలెను.

తమ విధేయుడు,
ఎగరని విమానాల కాపలాదారు

జతపరచినవి: విమానాలు మూడు, ఇంజిన్ల మూతులకు కట్టిన గుడ్డలతో సహా.

తా.క.: తమ కౌంటరులో గుమాస్తా గారు ఏ అర్జీ అయినా చదవరు. "జతపరచిన వాటితో సహా ముట్టినది" అని నకలు మీద ముద్ర కొట్టి ఇచ్చేస్తారు. గేటు జవానునూ కనుక్కున్నాను. "ముద్ర చూడ్డమే నా డ్యూటీ, చదవడం కాదు" అన్నాడు. తమరు ఇది చదివేసరికి నేను ఆసుపత్రిలో ఉంటాను. విమానాలు తమరికి ముట్టినవి. కంటికి కట్టు విప్పాక ఇద్దరం కంచె దగ్గరికి వచ్చి తమర్ని పలకరిస్తాం. తమరు లోపలే ఉంటారుగా.