నీ కోసమే కోసినా

అక్క నాగమ్మ పాదాలకు తమ్ముడు ఎర్రన్న మొక్కి రాస్తున్నది. ఇక్కడ నేను గట్టిగానే ఉన్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? బెళుగుప్పలో వాన పడిందో లేదో ముందు అది రాయించు. ఈ ఉత్తరం నేనే రాశాను, ఎవరినీ బతిమాలలేదు. అక్షరాలు చెదిరిన మందలాగా ఉంటాయి, కోడలిని నిదానంగా చదవమను. ఫోన్లో చెబుదామంటే నువ్వు సగం వినవు, వినని సగానికి నన్ను తిడతావు.

పోయిన వారం ఫోన్లో "మూట కట్టినా, వస్తాండా" అన్నాను కదా. రావడం లేదు. ఎందుకో చెబుతాను.

మైసూరు అవతల ఈ టిబెట్ స్వాముల మఠంలో ఆవులు చూసుకునే పని కుదిరిందని నీకు తెలుసు. వాన మోసం చేసి గొర్రెలమ్ముకున్నవాణ్ణి, ఇక్కడ రోజూ కురిసే వానను చూస్తే మొదట్లో కోపం వచ్చేది. తడిసిన గడ్డి కోస్తూ, "మా చేనికి దావ తెలీదా నీకు" అని దాన్ని తిట్టాను కూడా. తిండికి లోటు లేదు, కానీ కారం ఉండదు. నాకు కన్నడం వచ్చు, వీళ్ళకూ వచ్చు కాబట్టి మాటకు కరువు లేదు.

ఇక్కడ నాకు దగ్గరైనవాడు ఒక పెద్ద స్వామి. నా ఈడువాడే, అందుకే నువ్వనే అంటాను. నాకు జ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు తన చేత్తో గంజి తెచ్చి తాగించాడు. తాగి ఊరుకోగలనా? మన ఇంటి పద్ధతి నీకు తెలియనిదా? ఆయన మాంసం తింటాడని కనుక్కుని, నేను పెంచిన పుంజును కోసి పులుసు పెట్టి, రాగి సంగటి కెలికి, మధ్యాహ్నం నా గదికి పిలిచాను. సంతోషంగా వచ్చాడు. వడ్డించి గొప్పగా చెప్పాను.

"తిను స్వామీ. నీ కోసమే కోసినా, పొద్దున నా చేత్తోనే."

పళ్ళెం దాకా వచ్చిన చెయ్యి ఆగిపోయింది. పులుసు గిన్నె పక్కకు జరిపాడు. సంగటి మాత్రం చెనక్కాయల ఊరుబిండి అద్దుకుని తిని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అక్కా, నాకు ఒళ్ళు మండింది. బావ మొదటిసారి మన ఇంటికొచ్చినప్పుడు నాయన వీధంతా వినేట్టు "అల్లుని కోసం పొట్టేలు కోసినాం" అని అరవలేదా? ఆ మాట అనకపోతే మన దగ్గర చుట్టం అలుగుతాడు. ఇక్కడ ఆ మాట అన్నందుకే కూర తోసేశాడు. నా చేతి కూడు కాదన్నవాడి ఆవులకు నేను గడ్డి వేయాలా? అందుకే మూట కట్టి నీకు ఫోన్ చేశాను.

మర్నాడు ఆయనే కొట్టం దగ్గరికి వచ్చాడు, వెంట వంటింటి స్వామి. మాట్లాడింది కన్నడంలో, మన మాటలో రాస్తున్నాను.

"ఏమప్పా ఎర్రన్నా, పోతాండావంట?"

"పోక? మా ఊర్లో కూర తోసేసినోన్ని మళ్ళా గడప తొక్కనీరు."

"నీ మింద కోపం గాదప్పా. ఇంకెవురికో కోసిందాంట్లో నాకో ముక్క పెడితే తింటా. నా కోసమని ప్రాణం తీస్తే తినగూడదు. అట్ల తీసేది నేను చూడగూడదు, వినగూడదు, అనుమానం గూడా రాగూడదు. బుద్ధుడు పెట్టిన కట్టు అది."

"అంటే, నేను నోరు మూసుకోనుంటే తినేవాడివా?"

"తినేవాన్నే," అని నవ్వాడు.

"అయితే తప్పు కోడిది గాదు, నా నోటిది!"

వంటింటి స్వామి ఊరుకోలేదు. ఆయన ముక్క ముట్టడు. "ఎవురి పేరు చెప్పి కోస్తే కోడికేమి? చచ్చేది అదే గదా. ఇంగో గ్రంథంలో ఆ బుద్ధుడే మాంసం వద్దన్నాడు."

"మా మంచు కొండల్లో కూరాకు యాడ మొలస్తాది? మాంసం లేకుంటే మా అమ్మ నన్ను సాకేదే గాదు," అన్నాడు పెద్దాయన.

"కొండ దిగి యాభై ఏండ్లు దాటె గదా స్వామీ! ఈడ టమాటాలు కుళ్ళిపోతాండాయి!"

ముగ్గురం నవ్వాము. సింహళం స్వాములు జోలెలో పడింది తింటారట. చీనా వైపు వాళ్ళు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరట. ఒక్క బుద్ధుడికి ఎన్ని వంటిళ్ళో చూడు. వీళ్ళిద్దరూ ఇంత వాదించుకుని ఒకే పంక్తిలో కూర్చుంటారు, నేను గిన్నెడు పులుసుకు మూట కట్టాను. ఆ మాట వాళ్ళతో అనలేదులే.

"మళ్ళా వస్తావా నా గదికి?" అని మాత్రం అడిగాను.

"వస్తా. పిలవొద్దు. చెప్పకుండా వస్తా."

మూట విప్పాను. ఇటువైపు ఎవరైనా వస్తే రాగిపిండి, ఎండుమిరపకాయలు పంపు. వంటింటి స్వామికి ఊరుబిండి రుచి పట్టుకుంది.

నిన్న సంతలో అరకిలో మాంసం కొని తెచ్చి నా కోసం వండుకున్నాను. చెప్పకుండానే పెద్దాయన గిన్నె పట్టుకుని వచ్చి గడపలో కూర్చున్నాడు.

"ఎవురికప్పా ఈ కూర?"

"నాకే. ముసలోన్నయితే ఆకలి గాదా?"

రెండు గరిటెలు వేశాను. ఆ పైన తిను అనలేదు, ఎలా ఉందని అడగలేదు. పళ్ళు కరుచుకుని కూర్చున్నాను. ఆయన గిన్నె నాకినట్టు తిని, ఇంకో గరిటె అడిగాడు.

బావకు నమస్కారాలు. పెద్దలందరినీ అడిగానని చెప్పు. నా గురించి దిగులు పడకు, నేను బాగున్నాను. పెట్టి కూడా చెప్పుకోకుండా ఉండటం ఈ వయసులో నేర్చుకుంటున్నాను, కష్టంగానే ఉంది. దానికే నీ దీవెన కావాలి.

నీ తమ్ముడు
ఎర్రన్న