ఆ ఫిర్యాదు పంపకు

స్ఫాక్స్,
ఆదివారం.

తమ్ముడు లొత్ఫీకి అక్క సలాం.

ఎదుటి మేడవాళ్ల మీద మునిసిపాలిటీకి ఫిర్యాదు రాస్తానన్నావు కదా, రాయకు. కోప్పడకుండా విను.

వాళ్లు చెత్త సంచులన్నీ మా అపార్ట్‌మెంట్ గుమ్మంలో పడేస్తున్నారనీ, ఆ కంపుకి జబ్బు మనిషి మీ బావ కిటికీ కూడా తెరవలేకపోతున్నారనీ నీ దగ్గర ఎన్నోసార్లు ఏడ్చాను. అడగబోతే ఆ మేడావిడ దలెండా, "ఏం పిన్నీ, ఇంటితో పాటు వీధిని కూడా అద్దెకు తీసుకున్నావా? చెత్తబండి మీ దగ్గరే ఆగుతుంది మరి!" అంది. అప్పటి నుంచి మాటల్లేవు.

మీ బావ పోయిన రోజు నువ్వు రాలేకపోయావు. పిలవకుండానే ముందుగా వచ్చింది దలెండాయే. మొగుడి చేత వీధంతా కడిగించి కుర్చీలు వేయించింది. వచ్చినవాళ్లందరికీ తనింట్లోనే మాంసం వేసి కుస్‌కుస్ వండి పెట్టింది. నేను తిననంటే, "నా మీద కోపం తర్వాత చూపిద్దువుగానీ, ముందు ఈ ముద్ద మింగు పిన్నీ" అని నోట్లో పెట్టింది.

చుట్టాలు వెళ్లిన మర్నాడే సంచులు మళ్లీ వచ్చాయి. పిల్లులు చింపేస్తే చూశాను, అన్నీ మనవాళ్లు తిన్న మాంసం ఎముకలే. ఇక ఏమని పోట్లాడను? చీపురు తీసుకుని ఊడ్చాను.

దలెండా మేడ మీద నుంచి చూసి, "ఉంచు పిన్నీ, నేనొస్తున్నా!" అని కేకేసింది. రాలేదనుకో. కానీ ఆ రోజంతటిలో నన్ను పలకరించిన మనిషి తనొక్కతే.

మీ అక్క