డ్వేన్ పేరు పలకొచ్చా

మహారాజశ్రీ తాతయ్యా,

వియత్నాం మీద భీకరమైన కవిత రాశాను. ఆ యుద్ధం ముగిసిన ముప్పై ఏళ్లకు పుట్టినా, అందులో రెండుసార్లు వీరమరణం పొందాను. మా కవిత్వం మేడం ఒకప్పుడు ఇరాక్ యుద్ధంలో సైనికురాలు. "ఏమయ్యా, ఈ బాంబులన్నీ సినిమాల్లోవి. ఈ ఒక్క ముక్కే నిజం," అంది.

ఆ ముక్క నీది: నేను బడికి బయల్దేరినప్పుడల్లా వంగి పాదాలు తడిమి, "సాక్సులు పొడిగా ఉన్నాయట్రా?" అనేవాడివి. నేను నవ్వేవాణ్ణి. నువ్వు పోరాడిన వియత్నాం బురదలో పాదాలు కుళ్లి, నడవలేక వెనకబడిన నీ స్నేహితుడు డ్వేన్ తిరిగి రాలేదని నానమ్మ నిన్న ఫోనులో చెప్పింది.

శుక్రవారం అందరి ముందూ చదవాలి. డ్వేన్ పేరు పలకొచ్చా? వద్దంటే మా పిల్లి మీద రాసింది చదువుతాను, అలగను. సరేనంటే మాత్రం ముందు వరసలో కూర్చో. నీకు వినపడేంత గట్టిగా పలుకుతాను.

నీ మనవడు