తాడు చేతికిస్తేనే వచ్చే పాట

నాన్నగారికి మీ సత్యవేణి నమస్కారాలు. అమ్మకి, నానమ్మకి, అన్నయ్యకి కూడా.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నానమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అంతర్వేదిలో గాలి తిరిగిందా? పడవ అడుగున చెమ్మ పట్టే చోట తారు పూయించారా? ఫోనుండగా ఉత్తరం ఎందుకని అన్నయ్య నవ్వుతాడని తెలుసు. ఫోనులో మీరు "తిన్నావా అమ్ములూ" అంటారు, నేను "తిన్నాను" అంటాను, ఇంతలో ఒడ్డున ఎవరో మిమ్మల్ని కేకేస్తారు. ఉత్తరంలో అయితే నా మాట పూర్తయ్యేదాకా మీరు ఎక్కడికీ వెళ్ళలేరు. అన్నయ్యా, మధ్యలో దాటెయ్యకుండా నాన్నకి మొత్తం చదివి వినిపించు.

ఈ హైదరాబాదు గాలిలో ఉప్పు లేదు నాన్నా. ఉతికిన బట్టలు ఇట్టే ఆరిపోతాయి, పెదవులు కూడా. తిండికి లోటు లేదు, బెంగపడకండి. సాంబారు రోజూ ఉంటుంది, చేప మాత్రం కలలోనే. నాతో గదిలో ఉండే రోస్‌లిన్‌ది రాజోలు. అమ్మ పంపిన ఎండు నెత్తళ్ళ డబ్బా మూత తీసిన రోజు, "ఆయ్, మీ సముద్రం మొత్తం మంచం కింద పెట్టేసేరేటండీ సత్యవేణిగారూ" అని ముక్కు మూసుకుంది. రెండోరోజు నుంచి ముందు తనే తీసుకుంటోంది. డబ్బా ఖాళీ అయింది. ఈసారి కొంచెం ఎక్కువ పంపమని అమ్మతో చెప్పండి.

మా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే చిన్న రేడియో ఉందని చెప్పాను కదా. క్యాంపస్‌కీ, పక్క కాలనీలకీ మాత్రమే వినిపిస్తుంది. ఆ గది తలుపు వేస్తే నీళ్ళలో మునిగినట్టు ఉంటుంది. బయటి చప్పుడంతా ఆగిపోతుంది. ఎర్ర దీపం వెలగగానే నా గొంతు ఎక్కడెక్కడికో వెళ్ళిపోతుంది. ఎవరింట్లోనో పప్పు తాలింపు మీదుగా, ఎవరి డాబా మీదో ఆరేసిన చీరల మధ్యగా. ప్రతి గురువారం సాయంత్రం అందులో గంటసేపు మాట్లాడతాను, ఒక మాటతో మొదలుపెడతాను. పోటు. పాటు. కెరటం. నురగ. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాటలే, మైకు ముందు అంటే ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు ఉంటాయి.

కానీ మొన్నటిదాకా ఆ గంట నాది కాదు. స్టేషను చూసే మాధురి మేడం నన్ను పరీక్షగానే పెట్టారు. "వచ్చే గురువారం మీ ఊరి పాట ఒకటి వినిపించు. బాగుంటే గురువారాలు నీకే, లేకపోతే వేరేవాళ్ళకి ఇస్తాను" అన్నారు.

అందుకే ఆవేళ, మీరంతా ఒడ్డున వరసగా నిలబడి అలివి వల తాడు లాగేటప్పటి పాట ఫోనులో పాడమని మీ పీక మీద కూర్చున్నాను. "చేతిలో తాడు లేకుండా పాటెలాగొస్తాదే?" అని మీరు విసుక్కున్నారు. మొండికేస్తున్నారనుకున్నాను. అన్నయ్య తాడు ఒక కొస సరుగుడు చెట్టుకి కట్టి, రెండో కొస మీ చేతికి ఇచ్చేసరికి పాట దానంతటదే వచ్చిందట. అన్నయ్య పంపింది విన్నాను. మీ పిలుపు ఒకటి, తర్వాత మీరు లాగేంతసేపు ఖాళీ. మళ్ళీ పిలుపు, మళ్ళీ ఖాళీ. ఆ ఖాళీల్లో నాకు ఇసకలో దిగబడే మడమలు కనిపించాయి.

గురువారం పొద్దున్న, రికార్డింగులు సరిచేసే ఫణి అనే సీనియరు నన్ను సంతోషంగా పిలిచాడు.

"మీ నాన్నగారి పాట శుభ్రం చేసేశాను. మధ్యలో ఖాళీలన్నీ కత్తిరించేశా. ఎంత జోరుగా ఉందో విను!"

విన్నాను. నిజంగానే జోరుగా ఉంది. కానీ ఆ పాటకి ఎవరూ వల లాగలేరు నాన్నా. చేతులకి సందు లేదు.

"ఖాళీలోనే కదా అందరూ లాగేది. అది తీసేస్తే వల సముద్రంలోనే ఉండిపోతుంది" అన్నాను.

ఫణి తల గోక్కున్నాడు. మేడం ఒప్పుకోలేదు. "అంతంతసేపు చప్పుడు లేకపోతే రేడియో పాడైందనుకుంటారమ్మా" అన్నారు. కాసేపు బతిమాలాక, "సరే, నీ ఇష్టం. కానీ ఆ గంట నీదవుతుందో లేదో కూడా దాని మీదే ఉంటుంది" అన్నారు.

సాయంత్రం ఎర్ర దీపం వెలిగింది. "ఇది మా నాన్న పాట. పాట ఆగినప్పుడల్లా రేడియో పాడైందనుకోకండి. అప్పుడు మీరు లాగాలి. దుప్పటో, కండువానో, ఏది దొరికితే అది పట్టుకోండి" అని చెప్పి మీ పాట మొత్తం వేశాను. మీ గొంతు ఆగింది. గదిలో ఏ చప్పుడూ లేదు. తలకి పెట్టుకున్న హెడ్‌ఫోను వైరు నా గుప్పిట్లో ఉందని తర్వాత చూసుకున్నాను. గాజు తలుపు అవతల ఫణి కుర్చీని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వంగి ఉన్నాడు. హాస్టల్లో రోస్‌లిన్‌వాళ్ళు పరుపు మీది దుప్పటి లాగుతూ లాగుతూ కిందపడ్డారట.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. వల ఒడ్డెక్కినప్పుడు పాడే చివరి చరణం మీరు పాడలేదు. చెట్టు ఒడ్డుకి రాదు కదా! పాట అక్కడే ఆగిపోయింది. మేడం గాజు అవతల నుంచి "నువ్వు పాడెయ్" అని సైగ చేశారు. నాకు ఆ చరణం వచ్చు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ వచ్చు. కానీ నా చేతిలో ఉన్నది వైరే. పాడలేకపోయాను. "మిగతాది వల ఒడ్డెక్కాకే వస్తుందండీ" అని మాత్రం చెప్పి మైకు ఆపేశాను. అయిపోయింది, గురువారాలు పోయాయనుకున్నాను.

బయటికి రాగానే మేడం అడిగారు. "ఆ చివరి చరణం ఎప్పుడొస్తుంది?"

"చేపలు పడినప్పుడు మేడం."

"ఎప్పుడు పడతాయి?"

"మా నాన్నకే తెలియదండీ."

ఆవిడ నవ్వారు. "అయితే అంతవరకూ గురువారాలు నువ్వే చూసుకోవాలి. విన్నవాళ్ళకి జవాబు చెప్పాల్సింది నువ్వేగా."

ఇదీ సంగతి నాన్నా. ఇప్పుడు మెస్సులో వడ్డించే ఆవిడ కూడా గరిటె ఆపి, "మీ నాన్నగారి వల వచ్చిందా అమ్మా?" అని అడుగుతోంది. ఎప్పుడూ సముద్రం చూడనివాళ్ళు మీ వల కోసం ఎదురుచూస్తున్నారు. నాకు అది తలుచుకుంటే నిద్రపట్టేలోపు కెరటాల చప్పుడు వినిపిస్తుంది.

పాట కోసమని గాలి బాగోనప్పుడు వల దింపకండి. నా మీద ఒట్టు. మంచిరోజున నిండుగా వచ్చినప్పుడు అన్నయ్య ఫోను తీసి పట్టుకుంటే చాలు. ఈసారి చెట్టుకి కట్టొద్దని వాడితో చెప్పండి. నానమ్మకి నా దండాలు. అమ్మని నా గురించి బెంగపెట్టుకోవద్దనండి, బాగానే తింటున్నాను.

మీ దీవెనలు కోరుతూ, తాడు ఈ కొస పట్టుకుని నిలబడ్డ

మీ అమ్ములు,
సత్యవేణి